ప్రతివాది మీకేమవుతారు?

కేసు గెలిచిన మర్నాడు పొద్దున్నే కత్తెరక్క భోజనాల బల్ల మీద బడిపిల్లల చొక్కాల గుడ్డ పరిచి సుద్దముక్కతో గీతలు గీస్తోంది. ఆ వీధిలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. గుడ్డ మీద ఆమె చెయ్యి పడిందంటే ఇక కొలత తప్పడమంటూ ఉండదు. నాలుక కూడా కత్తెరంత పదునే. వచ్చిన చిక్కంతా దానితోనే.

"ఖర్చులతో సహా!" అన్నాడు ఆమె భర్త, యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ. ఆయన బస్సు కండక్టరు. నిన్న సాయంత్రం ప్లీడరు ఫోన్‌లో చెప్పిన ఆ రెండు మాటల్నీ స్టాపు పేరు అరిచినట్టు ఇప్పటికి ఎన్నిసార్లు అరిచాడో!

"ఏం మర్యాదైన కోర్టండీ! మనం పెట్టిందంతా మనకు తిరిగి ఇచ్చేస్తుందట. ఏ ఆఫీసువాళ్ళిస్తారు ఈ రోజుల్లో?"

"గెలిచినవాళ్ళంటే కోర్టుకి ఆమాత్రం గౌరవం ఉండదేమిటే?" అన్నాడాయన, అన్నీ తెలిసినవాడిలా.

కేసు వేసింది ఎవరి మీదో కాదు, సొంత చెల్లెలి మీద. తండ్రి కుట్టు షాపును పెద్దకూతురి పేరున రాసి పోయాడు. అందులో పెద్దామె కత్తిరించేది, చిన్నామె కుట్టేది. ఏళ్ళ తరబడి అలాగే సాగింది. పక్కనున్న మందుల షాపువాడు ఆ గదికి మంచి అద్దె ఇస్తానన్న రోజున కండక్టరుగారికి ఆశ పుట్టింది. చిన్నామె మాత్రం కదలనంది. మాటా మాటా పెరిగి ఇద్దరూ కోర్టు మెట్లెక్కారు. షాపు పెద్దామెదేనని, చెల్లెలు ఖాళీ చేయాలని నిన్న తీర్పు వచ్చింది. పెద్దామె రాత్రి నిద్రపోయిందో లేదో గానీ, పొద్దున మాత్రం సంతోషంగానే కనిపించింది.

వీధిలో బండి ఆగిన చప్పుడైంది. కాలేజీకి తయారవుతున్న కూతురు తలుపు తీసి, "అమ్మా, పిన్ని!" అని కేకేసింది.

గుమ్మంలో చిన్నామె నిలబడి ఉంది. వెనకాల బండివాడు ఆమె కుట్టుమిషను దింపుతున్నాడు.

"నమస్కారం సార్. మేడమ్ గారు ఉన్నారా?"

కండక్టరుగారు వెనక్కి తిరిగి చూశాడు, తన వెనక ఇంకెవరైనా సారు ఉన్నాడేమోనని. నిన్నమొన్నటిదాకా ఆయన ఆమెకు బావ. తిట్టినా బావా అనే తిట్టేది.

కత్తెరక్క చేతిలో సుద్దముక్క కిందపడి విరిగింది. "మేడమా? ఎవర్నే మేడమంటున్నావ్?"

"మిమ్మల్నేనండీ. నా దగ్గరున్నది ఈ మిషనొక్కటే. ఖర్చుల కింద జమ చేసుకోండి. మిగిలింది నెలనెలా కడతాను. రేపట్నుంచి బట్టల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే పనికి వెళ్తున్నాను."

"దేని ఖర్చులు?"

"మీ దావా ఖర్చులండీ. మీరు కట్టిన కోర్టు ఫీజు, మీ ప్లీడరు గారి ఫీజు. ఓడినవాళ్ళే కట్టాలని మా ప్లీడరు చెప్పాడు."

కత్తెరక్క బల్ల మీది గుడ్డను పక్కకు తోసింది. "నువ్వు కట్టడమేమిటి? ఇచ్చేది కోర్టు కదా!"

కత్తెరక్క భర్త వైపు చూసింది. ఆయన టిక్కెట్ల సంచీ ఎక్కడుందా అని వెతకసాగాడు. సంచీ ఆయన భుజానికే ఉంది.

కూతురు ఫోన్ తీసి ప్లీడరుకి కలిపి, అందరికీ వినిపించేలా బల్ల మీద పెట్టింది.

"కోర్టెందుకిస్తుందమ్మా?" అని ప్లీడరు పెద్దగా నవ్వాడు. "దానికేమన్నా ఖజానా ఉందా? గెలిచినవాళ్ళ ఖర్చు ఓడినవాళ్ళు పెట్టుకోవాలి, మామూలు పద్ధతి అదే. కాకపోతే మీ అదృష్టం బాగుంది. తోబుట్టువుల కేసుల్లో ఈ మాత్రం కూడా రాదు."

"ఎందుకు రాదు?"

"ఇరుపక్షాల బంధుత్వం దృష్ట్యా ఎవరి ఖర్చులు వారే భరించాలని రాసేస్తారు జడ్జీలు. మన జడ్జిగారూ అదే ఆలోచనలో ఉన్నట్టున్నారు. అందుకే బోనులో మిమ్మల్ని అడిగారు కదమ్మా, ప్రతివాది మీకేమవుతారని. మీరు ఠక్కున 'ఏమీ కాదు' అన్నారు! శభాష్ అనుకున్నా. తీర్పులో కూడా అదే రాశారు, బంధుత్వాన్ని వాదే స్వయంగా కాదన్నందున ఖర్చులు తగ్గించనక్కర్లేదని."



ఆ మాట కత్తెరక్క మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే ఎంత బాగుండేది! ఆ రోజు ఇంటికొచ్చాక మొగుడు ఆ జవాబును పదే పదే చెప్పించుకుని మురిసిపోయాడు, తనూ నవ్వింది. కోపంలో అన్నదే, ఎదుటివాళ్ళకు మంట పుట్టాలని అన్నదే. అంతటి కోర్టు దాన్ని నిజమని నమ్మి రాసుకుంటుందని కలలో కూడా అనుకోలేదు.

"చట్టం చట్టమే కదా..." అని కండక్టరుగారు నసిగాడు.

"మీరు నోర్మూసుకోండి!"

పెళ్ళయినప్పటి నుంచీ ఆ మాట వినని ఆయన నోరు తెరిచిందే తెరిచినట్టు ఉండిపోయాడు.

"కోపంలో అన్నానే," అంది కత్తెరక్క. "నా నోటి సంగతి నీకు తెలీదా?"

"తెలుసండీ." చిన్నామె చూపు మిషను మీదే ఉంది. "మీ నోరు పుట్టినప్పట్నుంచీ ఎరుగుదును. నన్ను మొద్దు అన్నారు, దున్నపోతు అన్నారు. ఏనాడైనా పట్టించుకున్నానా? కానీ ఆ రోజు నేను ఎదురుగా ఉన్నాను. జడ్జి అడగ్గానే నావైపు చూశారు మీరు. నాకు నవ్వొచ్చింది కూడా, ఇప్పుడేం తిడుతుందో చూద్దామని. మీరు తిట్టలేదు. ఏమీ కాదన్నారు."

ఆమె మిషను మీద చెయ్యి వేసింది. "తిట్టినా బాగుండేదండీ."

ఇక కత్తెరక్క ఆగలేకపోయింది. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి చెల్లెలి రెండు చేతులూ పట్టుకుంది. "నన్ను అండీ అనకే! కావాలంటే చెప్పు తీసుకుని కొట్టు. చంపెయ్. అండీ అనకు, తట్టుకోలేను." అంటూ భోరుమంది. చిన్నామె చేతులు లాక్కోలేదు, పట్టుకోనూ లేదు.

"అమ్మా, లైన్లో ఉన్నారా?" అంది ఫోను. ప్లీడరుని అందరూ మర్చిపోయారు.

"ఉన్నానండీ." కత్తెరక్క కొంగుతో మొహం తుడుచుకుంది. "నాకా ఖర్చులొద్దు. ఎలా వదులుకోవాలో చెప్పండి."

"కష్టపడి గెలిచి ఇదేంటమ్మా!"

"వద్దన్నానా?"

"సరే, సరే. ఖర్చులు వదులుకుంటున్నానని ఒక కాగితం కోర్టులో దాఖలు చేస్తే చాలు. మరి షాపు?"

"షాపు సంగతి మేం ఇంట్లో కూర్చుని పోట్లాడుకుంటాం. మీ ఫీజు లేకుండా."

కండక్టరుగారు ఏదో అనబోయి, కూతురి చూపు చూసి మానుకున్నాడు. కిందకు వంగి చిన్నామె మిషనును ఎత్తి, ఎండ పడకుండా గోడవారగా జరిపాడు.

"కాగితంలో కారణం ఏమని రాయమంటారు?" అన్నాడు ప్లీడరు.

కత్తెరక్క గొంతు సవరించుకుంది. కోర్టు భాషలో చెబితేనే చెల్లుతుందేమోనని భయం. "మొదటి ప్రతివాది... అంటే... ఇరుపక్షాల... మొదటి ప్రతివాది నాకు..." ఏడుపు ముంచుకొచ్చి అక్కడే ఆగిపోయింది.

పక్కనుంచి వెక్కిళ్ళ మధ్య చిన్నగా ఓ గొంతు వినిపించింది.

"మొదటి ఏంటే అక్కా! నీకు రెండోది ఎక్కడుందే?"

"ఎవరమ్మా మధ్యలో మాట్లాడేది?" ప్లీడరు విసుక్కున్నాడు. "ఆవిడ మీకేమవుతారు?"

"మా చెల్లెలండీ," అంది కత్తెరక్క. "కారణం అదే. అదే రాసెయ్యండి."