రెండు నారు ట్రేలు

"సాయంత్రంలోగా ఇందులో సంతకం పెట్టకపోతే ఇంట్లో ఉండనియ్యమన్నారు సార్," అంది కీర్తిక. చేతిలోని కాగితం బల్ల మీద పెట్టింది.

ధర్మపురి బస్టాండు వెనక మేడమీది గది అది. ఇరవై ఏళ్లు ఇన్సూరెన్స్ సర్వేయరుగా పనిచేసి, ఇప్పుడు సొంతంగా దర్యాప్తులు చేస్తున్న సుందరరాజన్ ఆఫీసు. ఆయన సహాయకురాలు వెన్నిల లా చదివింది. కాగితాన్ని ఆయన చదివే తీరు చూడటానికే ఇక్కడ చేరానని స్నేహితులతో చెబుతుంటుంది.

కీర్తిక భర్త మంజునాథ్ చనిపోయి ఇరవై రోజులైంది. నల్లంపల్లి దగ్గర హైవే దిగి ఊళ్లోకి పోయే దారిలో మోటారుసైకిలు కల్వర్టుకు గుద్దుకుంది. బండి అతని అన్న చంద్రప్పది. మంజునాథ్ ఒక్కడే నడిపాడని, లైసెన్సు లేదని పోలీసు రిపోర్టు. దాన్ని చూపించి ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిము తోసేశారు. మళ్లీ అడగనని రాసియ్యమంటున్నాడు చంద్రప్ప.

"మా ఆయనకు బండి తోలేది రాదు సార్. సైకిలొకటే వచ్చు. స్టేషన్లో నా మాట వినలేదు. బావ చెప్పిందే రాసుకున్నారు."

"మీ బావ అప్పుడు అక్కడ ఉన్నాడా?"

"లేడంట. ఎవరో ఫోన్ చేస్తే నాలుగున్నరకు పోయినాడంట."

సుందరరాజన్ ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం నకళ్లు నిదానంగా చదివి వెన్నిల ముందుకు జరిపాడు. "పైకి చదువు."

"ప్రమాదం జరిగిన సమయం మూడుంబావు. స్టేషనుకు కబురు అందింది ఐదున్నరకు. ఫిర్యాదు చంద్రప్పది. అక్కడ దొరికినవి బండి, హెల్మెట్ ఒకటి, చెప్పుల జత, పగిలిన టమాటా నారు ట్రేలు రెండు. తొడ ఎముక విరిగి రక్తం పోయింది. దెబ్బ తగిలాక సుమారు గంటసేపు బతికున్నాడు."

"దొరికిన వస్తువుల్లో తాడు ఉందా?"

"లేదు సార్."

"సరే. పద."

ఆ తాడేమిటో వెన్నిలకు అర్థం కాలేదు. అన్నదమ్ములు నారు కొన్న నల్లంపల్లి దగ్గరి నర్సరీలో యజమాని అరివళగన్‌తో సుందరరాజన్ ఐదు నిమిషాలు మాట్లాడి, అతన్ని కూడా కారెక్కించుకున్నాడు. దారిలో ఎస్సైకి ఫోన్ చేశాడు.

వాళ్లు చంద్రప్ప ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం ఎండ మండుతోంది. అయినా చంద్రప్ప పొడుగు చేతుల చొక్కా మణికట్టు దాకా గుండీ పెట్టుకుని ఉన్నాడు. బడి వ్యాను డ్రైవరు. తల్లి పాపక్క మజ్జిగ ఇస్తే గ్లాసు ఎడమచేత్తో అందుకున్నాడు. ఎస్సై గోడవార కుర్చీలో కూర్చున్నాడు. కీర్తిక గడప దగ్గరే నిలబడింది.

"చంద్రప్పా, మీరు పోయేసరికి మీ తమ్ముడికి మాటుందా?"

"లేదు సార్. అప్పటికే పోయినాడు."

"ఫోన్ చేసినవాడు ప్రమాదం ఎప్పుడు జరిగిందో చెప్పాడా?"

"ఇప్పుడే చూసినానన్నాడు. అంతే."

"మరి మీ ఫిర్యాదులో మూడుంబావు అని నిమిషాలతో సహా ఉందే. చూసినవాడు లేడు, పోయినవాడు చెప్పలేదు. మీకెట్లా తెలిసింది?"

చంద్రప్ప మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాడు.

"నారు ట్రే వెడల్పు మూడు జానలుంటుంది. తాడుతో కట్టకపోతే బండి మీద నిలవదు. ఆ చోట తాడు దొరకలేదు. అంటే రెండు ట్రేలూ ఒడిలో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని మంజునాథ్ కూర్చున్నాడు. బండి నడిపేవాడు అట్లా కూర్చోలేడు. ముందు ఇంకొకడున్నాడు."

"మూడు గంటలకు నా దగ్గర్నించి ఇద్దరూ కలిసే పోయినారు," అన్నాడు అరివళగన్. "బండి తోలింది ఈయనే. మందు వాసన వస్తా ఉండె. నిదానంగా పో అని చెప్పినాను."

"చేయి చూపించండి," అన్నాడు ఎస్సై.

చంద్రప్ప గుండీ విప్పి చొక్కా చెయ్యి పైకి లాగాడు. కుడి అరచేతి నుంచి మోచేతి దాకా ఎండిన పక్కులు.

"తాగి బండి నడిపాడని తేలితే వ్యాను ఉద్యోగం పోతుంది, కేసవుతుంది," అన్నాడు సుందరరాజన్. "అందుకే మత్తు దిగేదాకా ఎవరికీ కబురు చెయ్యలేదు. మూడుంబావుకు గుద్దితే ఐదున్నరకు స్టేషనుకు పోయాడు. అందులో గంటసేపు తమ్ముడు బతికే ఉన్నాడు. ఎవరో చేసిన ఫోన్ అనేదే లేదు."

ఇందాక తానే గట్టిగా చదివిన అంకెలవి. చదువుతుంటే వెన్నిలకు అవి ఉత్త అంకెలే. ఇప్పుడు ఆమె నకలు తీసి 'సుమారు గంటసేపు' అన్న మాట మీద వేలు పెట్టింది.

"అత్తా, నీకు తెలుసా?" అంది కీర్తిక.

పాపక్క తల వంచుకుంది. "చినిగిన చొక్కా నేనే కాల్చినాను. పోయినోడు ఎట్లాగూ తిరిగి రాడు. ఉన్నోణ్ణి గూడా తీసుకుపోతావామ్మే?"

కీర్తిక నేరుగా చంద్రప్ప ఎదుటికి పోయి నిలబడింది.

"ఆ గంటసేపు ఆయన ఏమి మాట్లాడినాడు బావా?"

"వద్దు కీర్తికా."

"చెప్పు."

"కాలు విరిగింది, అంతే, బాగైపోతానన్నాడు. ఆంబులెన్సుకు ఫోన్ చెయ్యన్నా అన్నాడు. చేసినానని చెప్పినాను." చంద్రప్ప చొక్కా చేతిని మళ్లీ కిందికి లాక్కున్నాడు. "కల్వర్టు కింద పడుండె, పైన దారి కనపడదు. ఏ బండి సద్దు వినపడినా, వచ్చిందా అన్నా, వచ్చిందా అన్నా అని అడిగినాడు. నేను పైన కూర్చుని, వస్తా ఉంది, వస్తా ఉంది అంటానే ఉన్నాను."

చంద్రప్ప మీద కీర్తిక ఇచ్చిన కొత్త వాంగ్మూలం ఎస్సై రాసి, ఆమెకు చదివి వినిపించి, కాగితం ఆమె ముందు పెట్టాడు. కీర్తిక పెన్ను తీసుకుంది. పాపక్క లేచొచ్చి రెండు చేతులతో ఆమె మణికట్టు పట్టుకుంది.

కీర్తిక విడిపించుకోలేదు. అత్త చేతులు తన చేతి మీద ఉండగానే, ఒక్కో అక్షరం నిదానంగా, తన పేరు పూర్తిగా రాసింది.