నోటి తనిఖీ

కొత్తగా సున్నం వేసిన గోడల్ని చూస్తే డాక్టర్ అనుపమకు ఒళ్లు మండుతుంది. పెద్ద డాక్టరమ్మ వస్తోందని తెలిస్తే చాలు, బస్తర్‌లో ఏ క్లినిక్‌లోనైనా ముందురోజే సున్నం బకెట్లు బయటికొస్తాయి. రోగులకు స్నానాలుండవు గానీ గోడలకుంటాయి.

నేరం మోపి, మనసు బాగాలేదేమో చూడమని కోర్టులు పంపిన ఖైదీలకోసం పెట్టిన క్లినిక్కులవి. జగదల్‌పూర్‌లో కూర్చుని వాటన్నిటినీ నడిపేది అనుపమే. కోంటలో ఉప్పూ చింతపండూ అమ్మే దుకాణంలో పెరిగిన పిల్ల. ఆ కుర్చీ ఎక్కేదాకా ఎన్ని మీసాల చాటు నవ్వులు దిగమింగిందో ఆమెకే తెలుసు.

ఆ మధ్యాహ్నం వానలో తోంగ్‌పాల్ దాటి, హైవే వదిలి, సాల చెట్ల అడవిలోని ఆడవాళ్ల వార్డుకు ఆమె వచ్చింది ఒక్క మనిషి కోసం. కోసి కోసం. తాగొచ్చి తన్నే మొగుణ్ని గొడ్డలితో కొట్టిందని కేసు. విచారణకు నిలబడగలదని డాక్టరు రాస్తే కేసు కదులుతుంది. రాయకపోతే ఇంజక్షన్ల మత్తులో ఇక్కడే ముసలిదైపోతుంది. ఇన్‌చార్జి ప్రేమ్‌కుమార్ ప్రతిసారీ నిలబడలేదనే రాస్తున్నాడు.

“ఇంకా ఒలకబోస్తోంది మేడం,” అన్నాడతను, మొక్కజొన్న పొత్తు మీద ఉప్పూకారం పులుముకుంటూ. “నీళ్లు, టీ, గంజి, ఏదిచ్చినా ముందు నేల మీద కొంచెం పోస్తుంది. పోసి ఎవరితోనో మాట్లాడుతుంది. మీ ఆర్డర్ వచ్చాక మిగతావాళ్లు మానేశారు. ఇదొక్కతే మొండిఘటం.”

ఆర్డర్ ఆమెదే. ఆడవాళ్లు నీళ్లతోపాటు మాత్ర కూడా పారబోస్తున్నారని ఈయనే రిపోర్టు పంపితే, కూలర్ గాలికి కూర్చుని రాసింది. మాత్ర వేశాక నోరు తెరిపించి, నాలుక కిందా బుగ్గల్లోనూ వేలు పెట్టి చూడాలి. చుక్క కూడా నేల మీద పడకూడదు.

కాగితం మీద ఎంతో శుభ్రంగా ఉండింది.

వార్డులో నర్సు ఊర్మిల ఆ పనే చేస్తోంది. వరసంతటికీ ఒకటే గ్లవ్. ఎప్పుడో తెల్లగా ఉండేది. ఇప్పుడు చీము రంగులోకి తిరిగి, వేళ్ల మధ్య ఎంగిలి తీగలుగా సాగుతోంది. ఒక నోట్లోంచి తీసిన వేలు తుడవకుండానే పక్క నోట్లోకి వెళ్తోంది. నోరు తెరవమని చెప్పే పని కూడా లేదు. వేలు కనిపిస్తే చాలు, నోళ్లు వాటంతటవే తెరుచుకుంటున్నాయి.

అనుపమ ఆ గ్లవ్ వైపు వేలు చూపించింది. “ఇంకో గ్లవ్ లేదా?”

“స్టాక్ లేదు మేడం జీ,” అంది ఊర్మిల. ఊర్మిలకు తను చేసేదాంట్లో తప్పేమీ కనపడలేదు. ఆర్డర్లో గ్లవ్ మార్చమని లేదు మరి.

సున్నం వాసన కింద ఇంకో వాసన ఉంది. పాచిపట్టిన పళ్లది, మూతపెట్టి మరిచిన గంజిది. చివరి ఇనప మంచం దగ్గర అది ముక్కు బద్దలు కొడుతోంది. ఆ మంచం మీద ఎవరూ లేరు. వానకు వార్డంతా చెమ్మ. గోడలు కారుతున్నాయి. ఆ మంచం కింద మాత్రం నేల ఎండి, నెర్రెలు విచ్చి ఉంది.

“ఇదెవరిది?”

“జోగె అని ఉండేది మేడం. ఎండల్లో పోయింది. గుండె ఆగి.” ప్రేమ్‌కుమార్ పొత్తు గింజ ఒకటి పళ్లలోంచి లాక్కున్నాడు.

“గుండె గాదు. దూప,” అన్నారెవరో.

కోసి. పక్క మంచం మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. కోంట దిక్కు దోర్ల తెగ మనిషి. తెలుగొచ్చు.

“ఈ మందుకు నాలిక ఎండుతది గదక్కా. దాన్ని మంచానికి కట్టేసిండ్రు. నీళ్లు నీళ్లని ఒర్రింది. నీళ్ల పిచ్చి పట్టిందన్నరు ఈ సారు. ఇయ్యనియ్యలే.”

“ఏయ్, చుప్,” అంది ఊర్మిల.

“చెప్పనీ,” అంది అనుపమ.

“సచ్చినోళ్లకు ముందొక చుక్క పోసి గదా మేం తాగేది. అందరం పోస్తుంటిమి. జోగె గమ్మున పండుకునేది. గా చుక్క గూడ బంద్ జేసిండ్రు. జగదల్‌పూర్ల ఎవరో పెద్ద డాక్టరంట.” కోసి ఆమెనే చూస్తోంది. “ఇప్పుడది లేసి తిరుగుతాంది. ఎవరి నోట్లె తడి ఉన్నదో ఎతుకుతాంది.”

కోంట సంతలో అనుపమ వాళ్ల దుకాణం ముందే దొప్పలో సల్ఫీ కల్లు పట్టుకున్న ప్రతి మనిషీ ముందు నేలకు చుక్క పోసేవాడు. అది చూస్తూనే పెరిగింది. చదువు ఎక్కాక అదే రోగలక్షణమై కూర్చుంది.

అప్పుడే కరెంటు పోయింది.

వాన మబ్బు కిటికీల మీదికి దిగి వార్డు నల్లబడింది. జనరేటర్ చూస్తానని ప్రేమ్‌కుమార్ బయటికి నడిచాడు. ఊర్మిల అవతలి కొసన కిటికీలు మూస్తోంది. రేకుల మీద వాన మోతలో ఆమె చెప్పుల చప్పుడు వినపడడం లేదు. ప్రేమ్‌కుమార్ ఇందాక తెప్పించిన టీ గ్లాసు అనుపమ చేతిలో ఇంకా నిండుగా, వెచ్చగా ఉంది.

ఆ వాసన ఎదురుగా వచ్చి నిలబడింది.

“ఊర్మిలా...?”

గడ్డం మీద ఏదో ఆనింది. చల్లగా లేదు, వేడిగా లేదు. ఎండు బెరడులా ఉంది. అనుపమ పళ్లు బిగించింది... బిగించాననే అనుకుంది. నోరు తెరుచుకుంది. దానంతటదే.

వేలు లోపలికొచ్చింది.

గ్లవ్ లేదు. గరుకు. చర్మం పొట్టు నాలుక మీద రాలుతోంది... నాలుక కింద తడిమింది. బుగ్గలో తిప్పింది. తొందర లేదు. పద్ధతి ప్రకారం... ఆర్డర్లో రాసినట్టే. ఆ తర్వాత ఇంకా లోపలికి. కొండనాలుక దాటి... గొంతులోకి. వేలు అంత పొడుగుండదు... అయినా దిగుతూనే ఉంది.

చెవి దగ్గర గుసగుస.

“మింగినవా?”

జనరేటర్ గుర్రుమంది. లైట్లు వెలిగాయి.

ఊర్మిల ఇంకా అవతలి కిటికీ దగ్గరే ఉంది. గ్లవ్ మేకుకు వేలాడుతోంది. ఆడవాళ్లందరూ ఎవరి మంచం మీద వాళ్లు కూర్చుని, నోళ్లు తెరుచుకుని, అనుపమ వైపే తిరిగి ఉన్నారు. ఆమె వంగి వాంతి చేసుకుంది. ఏమీ రాలేదు. తెల్లటి పొట్టు నాలుగు రేకలు మాత్రం పడ్డాయి. చేతిలో గ్లాసు ఖాళీ.

చివరి మంచం కింద నెర్రెలు లేవు. అక్కడి నేల కూడా అన్నిచోట్లలాగే చెమ్మగా ఉంది.

అనుపమ అక్కడే, ఆ మంచం అంచున కూర్చుని, కోసి విచారణకు నిలబడగలదని రాసి సంతకం పెట్టింది. నోటి తనిఖీ ఆర్డర్ రద్దు చేసింది. ప్రేమ్‌కుమార్ “మేడం, తొందరపడుతున్నారేమో” అన్నాడు. “నీళ్ల పిచ్చి అని ఏ పుస్తకంలో చదివావు? ఆ పుస్తకం పట్టుకుని జగదల్‌పూర్‌ రా. జోగె సంగతి అక్కడ మాట్లాడదాం,” అంది. అతని చేతిలో పొత్తు చల్లారిపోయింది.

కోసిని కోర్టుకు అప్పగించడానికి జీపు జగదల్‌పూర్ బయల్దేరింది. వెనక సీట్లో ఆడ కానిస్టేబుల్, ఆమె పక్కన కోసి. తోంగ్‌పాల్‌లో డ్రైవర్ రాంబాబు అందరికీ టీలు తెచ్చాడు. కోసి గ్లాసు అందుకుని, ఒక్క బొట్టు కింద పోయకుండా ఊదుకుంటూ తాగేసింది.

అనుపమ చూస్తూనే ఉంది. “జోగెకు పొయ్యలేదేం?”

“నేలకెందుకక్కా ఇగ?” కోసి చూపు అనుపమ పెదాల మీద ఆగింది. ఆ చూపులో కోపం లేదు. జాలి ఉంది. “అదే తాగుతాంది గదా.”

రాంబాబు నవ్వుతూ చెయ్యి చాపాడు. “అప్పుడే అవగొట్టిండ్రా మేడం? ఏందింత దూప? ఇంకోటి తేనా?”

అనుపమ గ్లాసులోకి చూసింది. అడుగున టీ పొడి తప్ప ఏమీ లేదు. ఎప్పుడు తాగిందో తెలియదు. నాలుక అంగిటికి అంటుకుపోయి ఉంది. గొంతు ఒక్క చుక్కకైనా తడవలేదు.

వద్దని చెప్పబోయింది. నోరు అప్పటికే తెరుచుకుని ఉంది.