మిసెస్ వినిగర్ సంతకం

1982 అక్టోబర్, ఫిలడెల్ఫియా. రాడార్ సైంటిస్టు ఆదిశేషు ట్రెయిన్ దిగి పది అడుగులు వేసి కుప్పకూలాడు. మెడ మీద సూది గాటు.

చీఫ్ హాలరన్ ఒక పేపర్ కటింగ్ టేబుల్ మీద పెట్టాడు. ఓ స్థానిక వారపత్రికకి 'మిసెస్ వినిగర్' అనే దొంగ పేరుతో వచ్చిన ఉత్తరం అది. ఆదిశేషు యాసనీ, నడకనీ వెక్కిరించి, ఒక్క డిన్నర్‌కి దేశరహస్యాలు అమ్ముకునే మనిషని తేల్చింది.

"ఊరంతా నవ్వింది. ఎంక్వైరీ వేశారు, సెక్యూరిటీ తీసేశారు. వారం తిరక్కుండా మర్డర్," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా పని. ముందు పరువు తీస్తారు, తర్వాత ప్రాణం. ఈ వారం ఉత్తరం మిసైల్ ఇంజనీర్ విద్య మీద. రాసినవాడు నాకు ప్రాణాలతో కావాలి, దామోదర్."

"ప్రామిస్ చేయలేను," అన్నాడు ఏజెంట్ దామోదర్. ఈ దేశం వచ్చిన కొత్తలో ఏడాదిపాటు అతనికి ఇంట్లో చోటిచ్చి అన్నం పెట్టింది ఆదిశేషే.

అదే పత్రికలో పాత పేపర్ల చరిత్ర రాసే రేణుని ముఠా తన మనిషే అనుకుంటోంది. నిజానికి ఆమె దామోదర్ పక్షం. నల్ల సిల్కు గౌను, లిప్‌స్టిక్‌లో కెమెరా.

"వాడి మొహం నేనూ చూడలేదు. ఉత్తరాలు పోస్ట్‌లో వస్తాయి," అంది. "స్టైల్ మాత్రం ఈ దేశం బ్రిటిష్ వాళ్ల కింద ఉన్న కలోనియల్ రోజులది. అప్పటి పేపర్లలో వాదన వదిలేసి మనిషి మీద పడేవాళ్లు. విగ్గు, ముక్కు, పెళ్లాం, దేన్నీ వదిలేవాళ్లు కాదు. అంతా దొంగ పేర్లతోనే."

"మరి వాళ్లని ఎలా దెబ్బకొట్టేవాళ్లు?"

"ఇంకో దొంగ పేరుతో. వెక్కిరించేవాడు వెక్కిరింత భరించలేడు."

దామోదర్ 'ఓల్డ్ బార్బర్' పేరుతో రాశాడు. "మిసెస్ వినిగర్ జోకులు అరువు విగ్గులు. గాలొస్తే బట్టతల బయటపడుతుంది. ఈ రాతకి జీతమిచ్చే యజమానుల్ని చూస్తే జాలేస్తోంది." రేణు దాన్ని అచ్చు వేయించింది.

శుక్రవారం మధ్యాహ్నం. తర్వాతి సంచికకి గడువు ఇంకో పది నిమిషాలే. పోస్ట్‌ని నమ్ముకోలేక గ్రే సూటు మనిషి ఒకడు నేరుగా ఆఫీసుకే వచ్చాడు.

"మిసెస్ వినిగర్ జవాబు. ఈ వారమే రావాలి."

ఎడమ చెయ్యి కోటు జేబులోనే ఉంది. కౌంటర్ వెనక కంపోజిటర్ వేషంలో దామోదర్. కిటికీ అవతల, ఎదురు లాబ్ పార్కింగ్‌లో, విద్య కారు వైపు నడుస్తోంది.

జేబులోంచి తొంగిచూస్తున్న ఏంటెన్నా రేణు కంటపడింది.

"ఇంకు ఎండిపోయింది," అంది దామోదర్‌తో. వాళ్లిద్దరి కోడ్ అది. శత్రువు చేతిలో ఆయుధం ఉందని అర్థం.

విద్య కారు తలుపు మీద చెయ్యి వేసింది.

"సర్, మూడో లైన్లో స్పెల్లింగ్ తప్పు," అన్నాడు దామోదర్.

"ఇంపాసిబుల్."

కళ్లజోడు పెట్టుకోవడానికి ఎడమ చెయ్యి బయటికి తీశాడు. దామోదర్ ఆ చేతిని పట్టి కౌంటర్‌కేసి విరిచాడు. ఎముక విరిగిన చప్పుడు గదంతా వినిపించింది.

"ఇది ఆదిశేషు గారి కోసం," అన్నాడు. రెండో చెయ్యి కూడా విరవాలనిపించింది. చీఫ్ మాట గుర్తొచ్చి బేడీలు వేశాడు.

రేణు అతని జేబులోంచి కారు బాంబు రిమోట్ లాక్కుని, కిటికీ తెరిచి దూరంగా పొమ్మని చెయ్యి ఊపింది. విద్య కారు వదిలి వెనక్కి పరుగెత్తింది.

"ఈ ఉత్తరం ఏం చేద్దాం?" అడిగింది రేణు.

దామోదర్ అతని పాస్‌పోర్టు తిరగేశాడు. "ఒరిజినల్ ఎవిడెన్స్‌కి, కాపీ అచ్చుకి. సంతకం ఒక్కటే మార్చు. అసలు పేరు వేయి. అడ్రస్ ఫెడరల్ జైలు అని రాయి, ఫాన్ మెయిల్ వస్తుంది."