జబ్బ మీది పేరు

తెల్లారేసరికి పల్లిపాలెంలో మాణిక్యం పొయ్యి మీద నాలుగు గుడ్లు ఉడుకుతున్నాయి. నాలుగూ కొడుక్కే. ఆమె గుడ్డు రుచి చూసి ఏడాది దాటింది. గంగబాబు సముద్రపు ఇసుకలో పరుగు ముగించుకుని వచ్చి, పాక ముందరి తాటి దూలానికి వేలాడుతూ పుల్లప్స్ తీస్తున్నాడు. తొమ్మిది. పది. పది తీస్తే పూర్తి మార్కులు. వచ్చే సోమవారం కాకినాడలో ఆర్మీ ర్యాలీ. రాత పరీక్ష పాసయ్యాడు. అడ్మిట్ కార్డు దేవుడి పటం వెనక భద్రంగా ఉంది. ఇదే ఆఖరు అవకాశం, ఈ ఏడు పోతే వయసు దాటిపోతుంది.

మాణిక్యం అన్న జగ్గారావు గడప మీద కూర్చుని ఆఫీసరు వేషం కట్టాడు. వారం రోజులుగా మేనల్లుడికి రోజూ ఇదే ఇంటర్వ్యూ.

“ఏమయ్యా, మిలట్రీలో ఎందుకు చేరాలనుకుంటున్నావు?”

“దేశసేవ చెయ్యడానికి సార్.”

“ఆ మాట నీ ముందు నిలబడ్డోళ్లంతా చెప్పేసేరు. కొత్తది చెప్పు.”

“మా మావయ్య పడవ కంపు భరించలేక సార్.”

“అది నిజమేరా. నిజం చెప్తే ఉజ్జోగం ఇవ్వరు.”

మాణిక్యం కూడా నవ్వింది. అసలు నిజం ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ఆమె భర్త ముత్యాలరాజు పదమూడేళ్ల కింద వేటకి వెళ్లి తుఫానులో పోయాడు. కొడుకు సముద్రం మీదకి వెళ్లకుండా ఉంటే చాలు, ఎక్కడికి వెళ్లినా సరే. మిలట్రీలో ఇప్పుడిచ్చేది నాలుగేళ్ల నౌకరీ. నాలుగేళ్లయ్యాక నలుగురిలో ముగ్గుర్ని ఇంటికి పంపేస్తారు. అయినా దానికోసం ఈ తీరం పొడుగునా కుర్రాళ్లు కాళ్లు అరగదీసుకుంటున్నారు. తుపాకీ గుండుకంటే అలకే ఎక్కువ భయపడే తల్లులున్న చోట నాలుగేళ్లు కూడా వరమే. ఇందులో సిగ్గుపడాల్సింది ఆ తల్లులు కాదు.

గుడ్లు ఒలుస్తుండగా వెంకటకృష్ణ వచ్చాడు. హవల్దారుగా రిటైరయ్యాక ముక్తేశ్వరం నుంచి వచ్చి ఈ కుర్రాళ్లకి ఊరికే తర్ఫీదు ఇస్తున్న మనిషి. ర్యాలీ ముందు ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి, మిలట్రీ డాక్టరు చూసినట్టే చూసి లోపాలు చెబుతున్నాడు. పళ్లు లెక్కపెట్టాడు. చెవుల్లో టార్చి వేశాడు. పాదాలు తడిపి సిమెంటు గచ్చు మీద నిలబడమన్నాడు. తడి ముద్రలో పాదం వంపు చక్కగా పడింది. మోకాళ్లు కలిపి చూశాడు.

“భేష్. ఏదీ, టీషర్టు తియ్యి.”

గంగబాబు తీశాడు. కుడి జబ్బ మీద, ఎప్పుడూ చొక్కా చెయ్యి కింద ఉండేచోట, రెండు వరసల్లో పచ్చబొట్టు అక్షరాలు. ఓలేటి గంగబాబు. పల్లిపాలెం.

హవల్దారు టార్చి ఆర్పేశాడు. అది ఎప్పటిదని అడిగాడు.

“చిన్నప్పటిదండి. పేరే కదండీ. పేరు ఉంటే పర్లేదని ఫోన్లో వీడియోలో చెప్పేరండి.”

“సగమే విన్నావు బాబూ. ముంజేతి లోపలివైపు ఉంటే పర్లేదు. జబ్బ మీద ఉంటే తీసుకోరు.”

చెరిపించుకుంటానన్నాడు గంగబాబు. వారంలో చెరగదనీ, కాల్చుకుంటే ఆ మచ్చ చూసి ఇంకా ముందు పట్టేస్తారనీ చెప్పాడాయన. ఏడాదిగా నీ కాళ్లే చూశాను, ఒక్కసారి చొక్కా విప్పించలేదు, నాదీ తప్పేనని తల పట్టుకున్నాడు.

మాణిక్యం గుడ్ల గిన్నె కింద పెట్టి ముందుకొచ్చింది.

“మాస్టారండీ, అది నేను పొడిపించానండి. వాడికి ఎనిమిదేళ్లండి, వాడికేం తెలుసండి. తప్పు నాదని కాయితం రాయండి, వేలిముద్ర వేస్తాను.”

“కాయితం చూడరమ్మా. ఒళ్లే చూస్తారు.”

ఆయన వెళ్లిపోయాక గంగబాబు నూతి దగ్గరికి పోయాడు. కొబ్బరి పీచు తీసుకుని ఇసుక అద్ది జబ్బ మీద రుద్దడం మొదలెట్టాడు. తోలు లేచింది. రక్తం మోచేతిదాకా కారింది. మాణిక్యం పరుగెత్తి చెయ్యి పట్టుకుంటే విదిలించి కొట్టాడు. ఎప్పుడూ తల్లి మీద గొంతు లేపనివాడు.

“నన్నడిగేవా? ఎడ్లకి వేసినట్టు ముద్ర వేయించేవు. ముంజేతి మీద పొడిపించినా సరిపోను కదా. జానెడు కిందకి పొడిపించలేకపోయేవా అమ్మా?”

జగ్గారావు మేనల్లుడి నోరు మూయించబోయాడు. మాణిక్యం అన్నని ఆపింది. పదమూడేళ్లు కడుపులో పెట్టుకున్నది అప్పుడు బయటికొచ్చింది.

“మీ నాన్నకి ఏ ముద్రా లేదురా. ఆసుపత్రి వరండాలో ముగ్గుర్ని పడుకోబెట్టేరు. అయిదు రోజులు ఉప్పునీళ్లలో నానినోళ్లు. ఎవరికీ మొహం లేదు. నీ మొగుడెవరో చూపించమన్నారు. నాకు తెలీలేదు. తొందరగా చెప్పమ్మా, కంపొస్తోందన్నారు. మధ్యలో ఉన్నాయన మీద చెయ్యి పెట్టేశాను.”

గంగబాబు చేతిలోంచి పీచు జారిపోయింది.

“నువ్వు కొరివి పెట్టింది మీ నాన్నకో, ఇంకో బిడ్డ నాన్నకో నాకిప్పటికీ తెలీదు. అందుకే ఆ ఏడు అంతర్వేది తీర్థంలో నిన్ను పచ్చబొట్లామె ముందు కూర్చోబెట్టాను. ఎక్కడ ఒడ్డుకొచ్చినా చదివి నా దగ్గరికి తెస్తారని. ఆవిడ ముంజేతి మీదే పొడుస్తానంది. నేనే వద్దన్నాను. చేపలు చేతులే ముందు తింటాయని చెప్పేరు.”

జగ్గారావు తల దించుకున్నాడు. ఆ రోజు ఆ వరండాలో ఆయనా ఉన్నాడు. ఆయనా గుర్తుపట్టలేదు.

మనిషి పోతే వాడెవడో తేల్చి అప్పజెప్పే దిక్కు లేదు ఈ తీరానికి. ఆ పని ఒక తల్లి సూదితో చేసుకుంది. ఆ సూదే ఇప్పుడు కొడుకుని నీళ్లవైపు తోసింది. గంగబాబు ఏటా పెద్దలకి పెట్టేటప్పుడు నాన్నా అని పిలిచి ముద్ద వేసేవాడు. ఆ ముద్ద ఎవరికి వేశాడో తలుచుకుంటూ తల్లి పక్కన కూలబడ్డాడు. ఇద్దరూ ఎండ నడినెత్తికొచ్చేదాకా లేవలేదు.

సోమవారం తెల్లవారింది. మాణిక్యం అలవాటు కొద్దీ నాలుగు గుడ్లు ఉడకబెట్టి, కొడుకుని చూసి ఆగిపోయింది. గంగబాబు పరుగుకి వెళ్లలేదు. పరుగుకి వేసుకునే బూట్లు సంచిలో కట్టి అటక మీద పెట్టాడు. రెండు గుడ్లు తిని, రెండు తల్లి కంచంలో వేశాడు. ఒడ్డున జగ్గారావు పడవ ఇంజను మొదలెట్టిన చప్పుడు వినిపిస్తోంది.

అతను టీషర్టు విప్పి దండెం మీద వేశాడు. జబ్బ మీద పుండు పక్కు కట్టింది.

“అమ్మా, రుద్దినచోట ఊరి పేరు పోయింది,” అన్నాడు మెల్లగా. “వచ్చే తీర్థంలో మళ్లీ రాయించు. ఈసారి పెద్ద అక్షరాలు రాయించు.”

మాణిక్యం ఆ జబ్బని రెండు చేతులతో పట్టుకుని, మొహం ఆనించి, భర్త పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చింది. అతను చెయ్యి లాక్కోలేదు. ఒడ్డు నుంచి మేనమామ రెండోసారి కేకేసేదాకా అలాగే నిలబడ్డాడు.