మోకాలి గుజ్జు పెంచే గది

ఇంతవరకు నేనేదీ రాసి ఎరగను. అయిదో తరగతితో ఆగిపోయినదాన్ని. నలుగురిలో నోరు విప్పమన్నా నావల్ల కాదు. మా పక్కింటి నాగమణి చెప్పింది చెప్పినట్టు రాస్తన్నాను. తప్పులుంటే మీరే సర్దుకోండి.

మధురవాడలో కొండవార ఒక పరిశోధనల మేడ ఉంది. అందులో కింది అంతస్తు చివరి గదికి చెడ్డపేరు. దీపాలు పెట్టే వేళ దాటితే అటువైపు ఎవరూ వెళ్లరు.

మోకాలి ఆపరేషన్లలో డాక్టర్లు తీసేసిన ముక్కలు అక్కడికి వస్తాయి. గుజ్జు అరిగిపోయిందంటాం కదా, ఆ గుజ్జు ముక్కలే. వాటిలోంచి కణాలు తీసి, వెచ్చటి పెట్టెలో పెట్టి, కొత్త గుజ్జు పెంచుతారు. ముక్క ఇచ్చినవాళ్లలో ఒకాయన, స్టీల్ ప్లాంటులో చేసి రిటైరైన కూర్మన్నపాలెం ముసలాయన, ఆ తరవాత కొన్నాళ్లకే పోయాడట. అప్పట్నుంచి కుంటుకుంటూ వస్తాడు... తన ముక్క వెతుక్కుంటాడు... అని చెప్పుకుంటారు.

నాగమణి ఆ మేడలో సాయంత్రాలు తుడుస్తుంది.

"నా సెవులారా ఇన్నాను వదినా," అన్నాడు వాచ్‌మన్ వీర్రాజు ఒకరోజు, గొంతు తగ్గించి. "రాత్రయితే సాలు, ఆ గదిలో కుయ్... కుయ్... మని ఒకటే ఏడుపు. మొన్నట్నుంచి ఊరుకుంది. ఊరుకున్నాకే నాకింకా బయంగా ఉంది."

ఏడుపు నాగమణి వినలేదు. కానీ గోడవార స్... స్... మని ఎవరో ఊపిరి వదుల్తున్నట్టు వినబడేది. ఈ నాలుగురోజులూ అక్కడ తడిగుడ్డ పెడుతుంటే కళ్లు తిరుగుతున్నాయి. కాళ్లు బరువెక్కుతున్నాయి.

ఆ గదిలో పనిచేసే అలేఖ్యతో చెబితే ఆ పిల్ల నవ్వేసింది.

"దెయ్యం కాదు నాగమణక్కా, నైట్రోజన్ గ్యాసు చప్పుడది. మోకాలి గుజ్జులో నెత్తురు పారదు, ఆక్సిజన్ బాగా తక్కువ. ఈ కణాలకి అదే అలవాటు. మామూలు గాలిలో ఉంచితే తమ గుణం మర్చిపోయి పీచులా తయారవుతాయి. అందుకే పెట్టెలోకి గ్యాసు పంపి ఆక్సిజన్ తగ్గిస్తాం. అప్పుడే నున్నగా, మెత్తగా గుజ్జు కడతాయి."

"ఊపిరాడకుండా సేత్తే పెరుగుతాయా! ఇదేటి వింత అలేఖ్యమ్మా?"

"ఆడకుండా కాదక్కా... కొంచెం తగ్గించి."

నాగమణికి నమ్మకం కుదర్లేదు. ఊపిరి తగ్గితే పెరిగేది ఈ లోకందెలా అవుతుంది? సింహాచలం వెళ్లినప్పుడు కొన్న కర్పూరం సంచీలో వేసుకుంది. ఆ మేడలో నిప్పు వెలిగించకూడదని బోర్డుంది. అయినా రోజూ ఆ గది తుడిచేముందు చాటుగా హారతిచ్చేది.

"ఏటి వదినా, సింహాద్రి అప్పన్నని సంచీలో ఏసుకుని తిరుగుతన్నావా?" అని వీర్రాజు ఎకసెక్కం.

ఆ సాయంత్రం వాన. తొందరగా చీకటి పడిపోయింది. సముద్రం మీద ఓడల దీపాలు కూడా కనబడ్డం లేదు. అందరూ వెళ్లిపోయారనుకుంది నాగమణి. చివరి గది దాకా వచ్చి ఆగింది. ఈ పూటకి వద్దులే — అనుకుని వెనక్కి తిరిగింది.

టక్... టక్...

లోపల్నుంచి. తలుపు అద్దం మీద.

"అలేఖ్యమ్మా... నువ్వేనా?"

మళ్లీ — టక్...

సంచీలోంచి పళ్లెం తీసి కర్పూరం వెలిగించింది. రెండువైపులా ఊగే ఆ తలుపుని భుజంతో తోసి లోపలికి అడుగు పెట్టింది. తలుపు వెనక ఎవరూ లేరు. స్... స్... చప్పుడు మాత్రం ఎప్పటికంటే గట్టిగా ఉంది. తలుపు దానంతటదే మూసుకుంది. ఇంకాస్త లోపలికి నడిచిందో లేదో... మంట చిన్నదైపోయింది. నీలంగా మారింది.

కొండెక్కేసింది.

ఫ్యాను లేదు. కిటికీ తెరిచి లేదు. అగ్గిపుల్ల గీసింది. తల భగ్గుమంది — పుల్ల అంటుకోకుండానే ఆరిపోయింది. ఇంకోటి గీసింది. అదీ అంతే.

అప్పుడు చూసింది. దూరంగా, పెట్టె మీది చిన్న దీపం వెలుగులో, ఆ చివర బల్లకింద... రెండు పాదాలు.

అలేఖ్యవి.

ముసలాడు పట్టేశాడనుకుంది నాగమణి. పళ్లెం విసిరేసి, ఆ పాదాలు పట్టుకుని లాగింది. చెవుల్లో హోరు. "అప్పన్నా... పిల్లని ఒగ్గెయ్... నా పేనం తీసుకోరా సచ్చినోడా..." దేవుణ్ణి పిలుస్తోందో దెయ్యాన్ని తిడుతోందో దానికే తెలీదు. వీపుతో తలుపు తోసుకుని వరండాలో పడింది. వీర్రాజు పరిగెత్తుకొచ్చాడు. పిల్ల పెదాలు నల్లబడి ఉన్నాయి. వాన గాలి తగిలాక... ఒక్క ఎగశ్వాస. తరవాత దగ్గు.

అలేఖ్య బతికింది.

పెద్దసారు వచ్చి గదంతా చూశాడు. పెట్టె వెనక గొట్టం సడలిందట. లోపలికి పోవాల్సిన గ్యాసు పదిరోజులుగా గదిలోకి కారుతోంది; పగలు తలుపు తీసుంటుంది కాబట్టి ఎవరికీ తెలీలేదు. ఆ సాయంత్రం గొట్టం పూర్తిగా ఊడిపోయింది. దానికి వాసన లేదు, రంగు లేదు. గదిలో ఆక్సిజన్ తగ్గితే కూసే మిషనొకటి గోడకుంది. మరి అదెందుకు కుయ్యలేదు?

వీర్రాజు తల దించుకున్నాడు. "అదేనేటండీ ఏడ్సింది... బయమేసి ప్లగ్గు పీకేసేనండీ."

దెయ్యం సంగతి తేలిపోయింది. ఆసుపత్రి మంచం మీద అలేఖ్య నీరసంగా నవ్వింది కూడా. "గదంతా నా పెట్టెలాగే అయిపోయిందక్కా. గుజ్జుకేం కాలేదట. బాగా పెరుగుతోందట."

"తలుపు కొట్టి మంచి పని సేసినావు తల్లీ. నేకపోతే నాను వెళ్లిపోదును."

అలేఖ్య నవ్వు ఆగిపోయింది.

"నేను కొట్టలేదక్కా. పెట్టె వెనక్కి వంగానంతే... అక్కడే పడిపోయాను. తలుపు దాకా ఎక్కడొచ్చాను?"

మర్నాడు సాయంత్రం నాగమణి పనికి వెళ్లింది. లోపల నిప్పు వెలిగించలేదు. మేడ వెనక్కి, ఆ గది కిటికీ కిందికి వెళ్లి, ఇసకలో కర్పూరం పెట్టి వెలిగించింది. చుట్టూ చూసింది. కిటికీ దగ్గరగా మొహం పెట్టి మెల్లగా చెప్పింది—

"నీ గుజ్జు బాగా పెరుగుతోందంట తాతా. అలేఖ్యమ్మ సెప్పింది."