అర గ్లాసు నీళ్లు

తమిళ సీమలోని ఏ. పళ్లిపట్టి కూడలిలో వాన పట్టుకున్న సాయంత్రం, భూపతి పాత బైకు సరిగ్గా ఆదిమూలం షెడ్డు ముందే ఆగిపోయింది. ఆదిమూలం పాత బండ్ల మెకానిక్. ఆయన చేయి పడ్డ బండి అదే రోగంతో మళ్లీ రాదని చుట్టుపక్కల ఊళ్లలో, తీర్థమలై దాకా పేరు. షెడ్డులో కార్బురేటర్ విప్పేది కూతురు తిలగవతి, బిగించేది ఆయన.

"ట్యాంకు మూత వదులైపోయినాది. వాన నీళ్లు దిగినాయి," అంది తిలగవతి. "ఇప్పటి పెట్రోల్‌లో ఇరవై శాతం ఎథనాల్ కదా. నీళ్లు ఎక్కువైతే ఆ ఎథనాల్ నీళ్లతో కలిసి అడుక్కి దిగిపోతాది, ఇంజిన్ నిలిచిపోతాది. సార్ ఏం పని చేస్తారు?"

"ఎథనాల్ ఫ్యాక్టరీకి మొక్కజొన్న కొంటాను."

ఆమె పకపకా నవ్వింది. "అయితే మీ సారాయే మీ బండిని పడేసింది."

"సారాయి కాదండీ, గవర్నమెంట్ పాలసీ. దిగుమతి తగ్గుతాది, రైతుకు రేటు వస్తాది."

"మాకు గిరాకీ వస్తాది. మా తరఫున కూడా ఆ గవర్నమెంట్‌కు ఒక నండ్రి, అదే థ్యాంక్స్, చెప్పండి."

ఆమె చెంప మీద గ్రీజు మరక. దాన్ని చూస్తూ భూపతి తను తడుస్తున్న సంగతే మరిచిపోయాడు.

కొత్త మూత వేశాక మళ్లీ ఆగడానికి సాకు లేకపోయింది. అందుకే తరువాతి వారం, కూడలికి ముందు మలుపులో, ట్యాంకులో తనే అర గ్లాసు నీళ్లు పోశాడు. పిచ్చి పనే. కానీ ఆ నవ్వు మళ్లీ వినాలి కదా.

"మళ్లీనా సార్?"

"పాలసీ," అన్నాడు అమాయకంగా.

అలా చాలాసార్లు జరిగింది. షెడ్డు దగ్గర టీ తాగేవాళ్లంతా పెట్రోల్‌ను, గవర్నమెంట్‌ను తిట్టారు. ఆదిమూలం మాత్రం తిట్టలేదు.

"అదే పెట్రోల్ అందరి బండ్లలోనూ పోస్తాండారు. ఈ తంబి బండి ఒక్కటే నిలిచిపోతాది. తప్పు నా చేతిలోనే ఉండాది."

భూపతి అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పకుండా బండెక్కి వెళ్లిపోయాడు.

భూపతి మొక్కజొన్న కొనడానికి కర్ణాటక వైపు వెళ్లి, సీజన్ అయ్యాక తిరిగొచ్చేసరికి షెడ్డు స్థానంలో సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. తిలగవతి బస్టాపులో కనిపించింది. ఈసారి నవ్వలేదు.

"నాయనకు చేతి మీద నమ్మకం పోయినాది. పానాలన్నీ అమ్మేసినాడు."

"తిలగా, ఆ నీళ్లు నేనే పోసినాను."

"తెలుసు. రెండోసారే తెలుసు. వాన లేదు, మూత కొత్తది, కార్బురేటర్లో చూస్తే నీళ్లు. ప్రతిసారీ నాయన చూడకముందే పారబోసి తుడిచేసినాను." ఆమె తల దించుకుంది. "మీరు మళ్లీ రావాలని."

ఇద్దరూ కలిసి ఇంటికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పారు. ఆదిమూలం తన అరచేతులు చూసుకున్నాడు.

"పిల్లను అడిగింటే ఇచ్చేవాణ్ణి కదా తంబీ. నీళ్లెందుకు పోస్తివి?"

తిలగవతి ఏడ్చేసింది.

ఆయన మనసులో ఏమీ పెట్టుకోకుండా పెళ్లి చేశాడు. భూపతి కొత్త పానాల సెట్టు కొనిచ్చాడు. ఆదిమూలం బాగున్నాయి అని తీసుకుని, మంచం కింద పెట్టేశాడు.

పెళ్లయ్యాక మొదటి వానకు భూపతి బైకు, ఇంటి ముందే, నిజంగానే మొరాయించింది. కిక్కర్ చప్పుడు విని ఆదిమూలం అరుగు మీంచి గబుక్కున లేచాడు. బండి దాకా వచ్చి చేయి చాపాడు. తిలగవతి గడపలో నిలబడి చూసింది.

ఆయన చేయి వెనక్కి తీసుకుని పంచెకు తుడుచుకున్నాడు.

"నువ్వే చూడమ్మా," అన్నాడు. "నేను ముట్టుకుంటే మళ్లీ నిలిచిపోతాది."