ముకైంతు మలుపులో ఆగిన బండి

సియవొంగా సరస్సు నుంచి లుసాకా వైపు కొండెక్కే దారిలో ముకైంతు మలుపంటే మా డ్రైవర్లందరికీ హడలే. ముకైంతు అంటే మా భాషలో ఆడమనిషి. ఎప్పుడో ఒకామెను అక్కడ లారీ గుద్ది లోయలోకి పడేసిందట. రాత్రంతా ఏడ్చి ఏడ్చి తెల్లారేసరికి పోయిందట. అటు పోయిన బండ్లవాళ్ళంతా ఆ ఏడుపు విన్నారు... ఒక్కరూ ఆగలేదు.

అప్పట్నించీ చీకటి పడ్డాక ఆ మలుపులో ఏడుపు వినబడుతుందంటారు. అందుకే అద్దాలెత్తేసి, రేడియో గట్టిగా పెట్టి, పక్కకు చూడకుండా దాటేస్తారు.

ఇది మా చిపెగో అక్కకు జరిగింది. ఆమే నాతో చెప్పింది.

చిపెగోది ఎండుచేపల వ్యాపారం. సరస్సు దగ్గర కపెంటా చేపలు బస్తాలకెత్తి, పాత పికప్‌లో లుసాకా మార్కెట్టుకు తోలుతుంది. మొగుడు పోయాక బండి నడపడమూ, బాగుచేసుకోవడమూ ఆమే. ఆ రోజు తోడుగా మరిది మూంగా వచ్చాడు. నోరు ఊరుకోని మనిషి.

బస్తాలు కట్టేసరికి పొద్దు గూకింది. ఊరు దాటగానే మొదలైంది చప్పుడు... ఊఁ... ఊఁ... అని. సన్నగా, ఎవరో ముక్కుతో మూలుగుతున్నట్టు.

"వదినా... విన్నావా?" మూంగా గొంతు తగ్గించాడు.

"వింటున్నా. చక్రం దగ్గరేదో."

"చక్రం అలా ఏడవదు. ఆడమనిషి గొంతది."

"నీ పెళ్ళాం గొంతేమో. కాసేపు నోరు మూసుకుని విను."

రోడ్డు చదునుగా ఉంది. ఆమె ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కి వదిలింది. మూలుగు మారలేదు. క్లచ్ తొక్కి గేరు తీసేసింది. ఇంజను చప్పుడు పడిపోయింది... మూలుగు మాత్రం అలాగే ఉంది.

"ఇంజను కాదు. గేర్‌బాక్సూ కాదు."

బండి నెమ్మదించేకొద్దీ మూలుగూ దిగింది. ముందూ వెనకా ఎవరూ లేరు. స్టీరింగు కొంచెం ఎడమకు తిప్పింది. బరువు కుడివైపు ఒరిగింది... మూలుగు లేచింది. కుడికి తిప్పింది. తగ్గింది.

"కుడి ముందు చక్రం. బేరింగ్," అంది.

కొండ మొదలవకముందే ఆపింది. చక్రాల కింద రాళ్ళు పెట్టి, జాకీ ఎత్తి, మూంగా చేత చక్రం పైనా కిందా పట్టుకుని ఊపించింది. టక... టక... అని ఆడింది. మూత ఊడదీస్తే లోపల చెయ్యి పెట్టలేనంత వేడి. గ్రీజు ఎండి నల్లగా పిడచకట్టింది. నట్టు వదులైపోయింది.

చల్లారనిచ్చి, బయటి బేరింగ్ లాగి, తుడిచి, కొత్త గ్రీజు కూరింది. చక్రం తిప్పుతూ తిప్పుతూ నట్టు బిగించి, మళ్ళీ రవ్వంత వదిలి, పిన్ను వంచింది. మూంగా మళ్ళీ ఊపి చూశాడు. కదల్లేదు.

"కొండ మీద ఊడిపోయుంటే..." అన్నాడు. జాకీ దించి రాళ్ళు తీసేశాడు.

బండి కదిలింది. చప్పుడు లేదు. అయినా ఆమె అద్దాలు దించే ఉంచింది.

"ఎత్తెయ్ వదినా. మలుపొస్తోంది."

"ఎత్తితే చక్రం సంగతి ఎలా తెలుస్తుంది?"

మలుపు తిరిగారు.

ఊఁ...

మూంగా చెయ్యి ఆమె మోచేతిమీద పడింది. "బేరింగే... మళ్ళీ వదులైంది. అంతే కదా? బేరింగే కదా?"

ఆమె బ్రేకు మీద కాలు పెట్టింది. నెమ్మదించింది... మూలుగు దిగలేదు. క్లచ్ తొక్కింది. అదే మూలుగు. బండి ఆపింది. తాళం తిప్పి ఇంజను కట్టేసింది.

ఊఁ... ఊఁ...

"చక్రం తిరగట్లేదు," అంది ఆమె మెల్లగా. "ఇంజను లేదు. ఇది మన బండిది కాదు."

"పోదాం పద వదినా... నీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆమె చెయ్యి మళ్ళీ తాళం మీదికి పోయింది. తిప్పేసేదాన్నే, అంది నాతో. కానీ అప్పుడే గాలి మళ్ళింది. లోయలోంచి గుప్పున పెట్రోలు వాసన... వాళ్ళది డీజిల్ బండి.

టార్చి తీసుకుని దిగింది. రోడ్డు అంచున గడ్డి పడుకుని ఉంది. వెనకాల మూంగా, ఆమె నడుముకు చుట్టుకున్న చీటెంగే గుడ్డ కొంగు పట్టుకుని దిగాడు. దిగేకొద్దీ ఏడుపు దగ్గరైంది. చెట్టుకు ఆనుకుని, నుజ్జయిన చిన్న కారొకటి కనబడింది. టార్చి వెలుగు దాని మీద పడగానే... ఏడుపు ఆగిపోయింది.

లోపల ఒక అమ్మాయి. స్టీరింగు గుండెల మీదికి నొక్కేసి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. రెప్ప వేసింది.

"బతికే ఉంది," అంది చిపెగో. "సీటు వెనక్కి లాగు మూంగా. మెల్లగా."

చేపల బస్తాల మీద పడుకోబెట్టి ఆస్పత్రికి చేర్చారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు డాక్టర్లు. ఆమె పేరు లుయాండో, బడిపంతులమ్మ. పట్టపగలు లోయలోకి జారిందట. చీకటి పడ్డాక ఎన్ని బండ్లు దాటిపోయాయో... అన్నీ అద్దాలెత్తుకునే.

ఆమె తేరుకున్నాక చిపెగో చూడ్డానికి పోయింది.

"నువ్వు ఏడవబట్టే ఆగాం చెల్లీ. లేకపోతే మేమూ దాటిపోయేవాళ్ళమే."

లుయాండో తల అడ్డంగా ఊపింది.

"ఏడ్చింది నేను కాదక్కా," అంది. "గుండె నొక్కుకుపోయి ఊపిరే ఆడలేదు. అరుద్దామంటే గొంతు పెగల్లేదు. ఏడ్చింది... నా పక్కనున్నావిడ."

 చిపెగో టార్చి వేసి చూసినప్పుడు కారులో ఇంకెవరూ లేరు.

"తల నిమురుతూ కూర్చుంది," అంది లుయాండో. "ఒక్కో బండీ దాటిపోయినప్పుడల్లా నా చెవిలో అదే మాట... 'ఈసారి ఆగుతారులే తల్లీ... ఈసారి ఆగుతారు.'"